కరెంటు ఇచ్చినా మేలుకోని బోర్డు

ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఇప్పుడు తమ సర్క్యూట్ బోర్డు తామే గీసుకుంటున్నారు. కీక్యాడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీసి ఫైలు పంపితే, రెండు పొరల బోర్డులు తయారై కొరియర్‌లో ఇంటికే వస్తాయి. రాగి పూత వేసిన బోర్డును ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచి, వేళ్లకు పసుపు మరకలు అంటించుకుని ఒంటి పొర బోర్డు చేసుకున్న తరానికి ఇది చూస్తే ముచ్చటేస్తుంది. ఆ బోర్డు మీద మైక్రోకంట్రోలర్‌ను సోల్డర్ చేస్తారు. ప్రాసెసర్, మెమరీ, బయటి పరికరాలతో మాట్లాడే పిన్నులు అన్నీ ఒకే ముక్కలో ఇమిడిన చిప్ అది. చుట్టూ కెపాసిటర్లు, క్రిస్టల్ అమర్చి యూఎస్‌బీ కేబుల్ గుచ్చుతారు. ఏమీ జరగదు. ఎల్‌ఈడీ వెలగదు, కంప్యూటర్ గుర్తుపట్టదు, ప్రోగ్రామర్ పరికరం “చిప్ దొరకలేదు” అంటుంది.

అప్పుడు చాలామంది చేసేది రెండింట్లో ఒకటి. ప్రోగ్రామును మార్చి మార్చి ఎక్కించడానికి ప్రయత్నిస్తారు, లేదా చిప్ కాలిపోయిందని తీర్మానించి పీకేస్తారు. రెండూ తొందరపాటే. చిప్ మేలుకోవడానికి ఒక వరుస ఉంది. ముందు కరెంటు, తర్వాత రీసెట్, ఆ తర్వాత గడియారం, ఎక్కడి నుంచి మొదలవ్వాలన్న నిర్ణయం, చిట్టచివర ప్రోగ్రాం. మనం మాత్రం చివరి మెట్టు దగ్గరే వెతకడం మొదలుపెడతాం. మనం చేత్తో రాసింది, కంటికి కనిపించేది అదొక్కటే కాబట్టి. బోర్డుతో తంటాలు పడేవారికి నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: చిప్ ఏ వరుసలో మేలుకుంటుందో ఆ వరుసలోనే వెతకండి.

మన కాలేజీల్లో బాగా వాడుకలో ఉన్న ఎస్‌టీఎం32ఎఫ్103 చిప్‌నే తీసుకుందాం. కరెంటు అందగానే దాని పిన్నుల దగ్గర వోల్టేజీ సున్నా నుంచి పైకి ఎక్కుతుంది. సుమారు 1.92 వోల్టులు దాటేదాకా లోపలి సర్క్యూట్ ఒకటి చిప్‌ను రీసెట్‌లోనే పట్టి ఉంచుతుంది. దాటాక కూడా వెంటనే వదలదు. వోల్టేజీ కుదుటపడటానికి సుమారు 2.5 మిల్లీసెకన్ల గడువిస్తుంది. అప్పుడు చిప్ లోపలే ఉన్న 8 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ మీద పని మొదలవుతుంది. బూట్‌0 అనే పిన్ను ఏ స్థితిలో ఉందో చూసుకుని, ఏ మెమరీని చదవాలో చిప్ తేల్చుకుంటుంది. ఆ మెమరీ మొదటి గడిలోని సంఖ్యను స్టాక్ చిరునామాగా, రెండో గడిలోని సంఖ్యను తొలి ఆదేశం ఉండే చోటుగా తీసుకుని అక్కడికి వెళ్తుంది. మనం రాసిన ప్రోగ్రాం మొదటి వాక్యం అమలయ్యేది దీని తర్వాతే. ఇందులో ఏ మెట్టు తప్పినా బయటికి కనిపించే లక్షణం ఒకేలా ఉంటుంది. అందుకే ఊహతో కాకుండా కొలతతో పోవాలి.

మొదటి కొలత కరెంటు ఇవ్వకముందే తీయాలి. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి 3.3 వోల్టుల లైనుకూ గ్రౌండుకూ మధ్య నిరోధం చూడండి. కెపాసిటర్లు నిండేకొద్దీ విలువ మెల్లగా పెరుగుతూ పోతే ఫరవాలేదు. ఒకటి రెండు ఓమ్‌ల దగ్గరే నిలిచిపోతే ఎక్కడో షార్ట్ ఉంది. ఆ షార్ట్ ఎక్కడుందో పట్టడానికి రిపేరు పనివాళ్లు వాడే మంచి ఉపాయం ఒకటుంది. కరెంటు పరిమితి పెట్టగలిగే పవర్ సప్లైతో తక్కువ వోల్టేజీ ఇచ్చి, బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పల్చగా రాస్తారు. ముందుగా ఎక్కడ ఆరిపోతుందో అక్కడ వేడి పుడుతోంది. దోషి సాధారణంగా అక్కడే ఉంటుంది.

పవర్ సప్లై మీద కనిపించే ఆంపియర్ల అంకె కూడా చాలా చెబుతుంది. ఎఫ్103 చిప్ తన లోపలి 8 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంటే కొన్ని మిల్లీయాంపియర్లు, పూర్తి 72 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంటే కొన్ని పదులు తీసుకుంటుంది. అసలేమీ తీసుకోకపోతే దానికి కరెంటు చేరడం లేదు, లేదా అది రీసెట్‌లో ఉండిపోయింది. పెట్టిన పరిమితిని తాకేస్తే ఏదో తిరగబడింది. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టులో నేరుగా గుచ్చేవారికి ఈ సమాచారం ఏదీ అందదు. పైగా పోర్టుకే ప్రమాదం.

ఇక రెగ్యులేటర్. 5 వోల్టులను 3.3 చేయడానికి మన దగ్గర దాదాపు అందరూ ఏఎంఎస్1117 వాడతారు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. దానితో రెండు చిక్కులు. పాత 7805 రెగ్యులేటర్ వెనక ఉండే లోహపు రెక్క గ్రౌండు. 1117 రెక్క మాత్రం అవుట్‌పుట్. పాత అలవాటుతో ఆ రెక్కను గ్రౌండ్ రాగికి కలిపేస్తే 3.3 వోల్టుల లైను నేరుగా గ్రౌండుకు షార్ట్ అయినట్టే. రెండోది, ఇది పనిచేయాలంటే లోపలికి వచ్చే వోల్టేజీ బయటికిచ్చే దానికంటే 1.1 నుంచి 1.3 వోల్టులు ఎక్కువ ఉండాలి. 3.7 వోల్టుల లిథియం బ్యాటరీ పెట్టి దీన్నుంచి 3.3 ఆశించడం దండగ. బ్యాటరీ బోర్డుకు తక్కువ తేడాతో నడిచే మరో రెగ్యులేటర్ ఎంచుకోవాలి.

మల్టీమీటర్ 3.3 చూపించింది కదా, ఇక కరెంటు సంగతి అయిపోయిందనుకోవద్దు. అది సెకనుకు రెండు మూడు సార్లు సగటు చూపించే పరికరం. మిల్లీసెకను పాటు వోల్టేజీ కుంగి లేస్తే దానికి తెలియదు. ఈఎస్‌పీ32 బోర్డుల్లో ఇది తరచూ జరుగుతుంది. వైఫై మొదలైన క్షణంలో ఆ చిప్ ఒక్కసారిగా కొన్ని వందల మిల్లీయాంపియర్లు లాగుతుంది. అందుకే సప్లై కనీసం 500 మిల్లీయాంపియర్లు ఇవ్వగలిగి ఉండాలని దాని తయారీదారు ఎస్ప్రెసిఫ్ సూచిస్తుంది. సన్నటి యూఎస్‌బీ వైరు, బలహీనమైన రెగ్యులేటర్, చిప్ పక్కన చాలని కెపాసిటర్ కలిస్తే ఆ క్షణంలో వోల్టేజీ పడిపోయి చిప్ మళ్లీ మొదటికొస్తుంది, మళ్లీ వైఫై మొదలుపెడుతుంది, మళ్లీ పడుతుంది. సీరియల్ మానిటర్ తెరిస్తే “బ్రౌనౌట్ డిటెక్టర్” అన్న సందేశం పదే పదే కనిపిస్తుంది. అది కనిపించాక ప్రోగ్రాంలో తప్పు వెతకడం మానేయాలి. ఆసిలోస్కోప్ లేనివారు వైఫై వాడని చిన్న ప్రోగ్రాం ఎక్కించి చూడొచ్చు. అది నిలకడగా నడిస్తే అనుమానం కరెంటు మీదికే పోవాలి. కెపాసిటర్ మీద ఒక హెచ్చరిక: సిరామిక్ రకంలో వోల్టేజీ పెట్టేకొద్దీ సామర్థ్యం తగ్గుతుంది. 6.3 వోల్టుల రేటింగుతో 10 మైక్రోఫారడ్ అని కొన్న చిన్న ముక్క 5 వోల్టుల దగ్గర అందులో సగం కూడా ఇవ్వకపోవచ్చు.

చిప్‌కు గ్రౌండు ఎక్కడుందో చూసుకోవడం మరీ చిన్న విషయంలా అనిపిస్తుంది. 2021లో వచ్చిన రాస్ప్‌బెరీ పై వారి ఆర్‌పీ2040 చిప్‌కు చుట్టూ 56 పిన్నులు ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా గ్రౌండు కాదు. ఏకైక గ్రౌండు చిప్ పొట్ట కింద ఉన్న చదరపు ప్యాడ్. అక్కడ సోల్డర్ సరిగా కరగకపోతే పిన్నులన్నీ భూతద్దంలో ముచ్చటగా కనిపిస్తాయి, చిప్ మాత్రం లేవదు. ఎఫ్103 స్థానంలో అదే 64 పిన్నుల ఆకారంలో ఉన్న మరింత వేగమైన ఎఫ్405 పెట్టేవారికి ఇంకో ప్రమాదం ఎదురవుతుంది. ఎఫ్103లో 31, 47 పిన్నులు గ్రౌండు. ఎఫ్405లో అవే పిన్నులు లోపలి 1.2 వోల్టుల రెగ్యులేటర్‌వి, ఒక్కోదానికి 2.2 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలపాలి. పాత బోర్డు మీద కొత్త చిప్ పెడితే ఆ లోపలి రెగ్యులేటర్ గ్రౌండుకు షార్ట్ అవుతుంది. ఆకారం కుదిరినంత మాత్రాన బోర్డు కుదిరినట్టు కాదు. డేటాషీట్‌లో పిన్నుల పట్టిక పక్కపక్కన పెట్టుకుని చదవాల్సిందే.

కరెంటు కథలో విచిత్రమైన ఘట్టం ఇంకొకటి ఉంది. ఒక్కోసారి చిప్‌కు పవర్ తీసేసినా అది నడుస్తూనే ఉంటుంది. చాలా చిప్‌లలో పిన్ను దగ్గర స్టాటిక్ నుంచి కాపాడే చిన్న డయోడ్ ఉంటుంది, అది పిన్ను నుంచి పవర్ లైను వైపుకు దారి ఇస్తుంది. యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ తన పంపే వైరును 3.3 వోల్టుల దగ్గర ఉంచితే, ఆ డయోడ్ గుండా చిప్‌కు 2.7 వోల్టుల దాకా దొంగదారిన చేరుతుంది. ఏటీమెగా328పీ లాంటి చిప్ తక్కువ వేగంలో 1.8 వోల్టులతోనూ పనిచేయగలదు కాబట్టి అది సగం మెలకువలో ఉండిపోతుంది. ఇప్పుడు పవర్ స్విచ్ నొక్కినా వోల్టేజీ సున్నా నుంచి ఎక్కదు. చిప్ రీసెట్ అవ్వాల్సిన స్థాయి కంటే కిందికి అది దిగనే లేదు కదా. “ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు” అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఇదే. బోర్డును పరీక్షించేటప్పుడు వైర్లన్నీ తీసేసి, పవర్ లైను నిజంగా సున్నాకు దిగిందో లేదో కొలిచి, అప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి. తీసిన వెంటనే గుచ్చితే మొరాయించి, కాసేపు ఆగి గుచ్చితే లేచే బోర్డుదీ ఇదే జబ్బు. పెద్ద కెపాసిటర్ ఖాళీ కావడం లేదు. ఏటీమెగా328పీ లాంటి ఏవీఆర్ చిప్‌లలో, వోల్టేజీ పడిపోతే చిప్‌ను రీసెట్ చేసే బ్రౌనౌట్ డిటెక్టర్‌ను 1.8, 2.7, 4.3 వోల్టుల్లో ఒకదానికి పెట్టుకునే సౌకర్యం ఇచ్చింది ఇలాంటి వాటికే. దాన్ని వాడకుండా వదిలేయడం నాకు అర్థంకాని అలవాటు.

రీసెట్ పిన్ను గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. దాన్ని కొలిస్తే పూర్తి వోల్టేజీ కనిపించాలి. కనిపించకపోతే బటన్ తిరగేసి పెట్టారేమో, కెపాసిటర్ కింద సోల్డర్ చుక్క దాటిందేమో చూడాలి. ఈఎస్‌పీ32లో రీసెట్‌గా పనిచేసే ఈఎన్ పిన్నుకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టమంటారు. పవర్ నిలదొక్కుకునేదాకా చిప్‌ను ఆపడానికే అది. ఆ కెపాసిటర్ మర్చిపోతే రీసెట్ బటన్ నొక్కితే తప్ప లేవని బోర్డు తయారవుతుంది.

గడియారం దగ్గర మాత్రం నిలబడి మాట్లాడుకోవాలి. క్వార్ట్జ్ క్రిస్టల్ కరెంటు ఇవ్వగానే పూర్తి స్థాయిలో కంపించదు. సర్క్యూట్‌లో సహజంగా ఉండే అతి చిన్న అలజడి నుంచి మొదలై, ఆంప్లిఫయర్ సరైన సమయానికి ఇచ్చే తోపుతో కొద్దికొద్దిగా పెరుగుతుంది. ఉయ్యాలను చిన్న చిన్న తోపులతో ఊపు అందుకునేలా చేసినట్టే. తోపు చాలకపోతే ఉయ్యాల కదలదు. ఎఫ్103లో 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ నిలదొక్కుకోవడానికి సుమారు 2 మిల్లీసెకన్లు పడుతుంది. గడియారాల్లో వాడే 32,768 హెర్ట్జ్ క్రిస్టల్‌కు సెకన్లే పట్టవచ్చు.

ప్రతి క్రిస్టల్‌కూ లోడ్ కెపాసిటెన్స్ అని ఒకటి ఉంటుంది. 12 పికోఫారడ్ క్రిస్టల్ అనుకుందాం. బోర్డు రాగి గీతలు, పిన్నులు కలిపి దాదాపు 3 పికోఫారడ్ సొంతంగా కలుపుతాయి. మిగిలిన 9 రెండు కెపాసిటర్ల సీరీస్ నుంచి రావాలి కాబట్టి ఒక్కోటి 18 ఉండాలి. అందరూ వాడతారని 22, 33 పెట్టేస్తే కొన్ని బోర్డుల్లో నడుస్తుంది, కొన్నింటిలో నడవదు. చలికి ఒకలా, ఎండకు ఒకలా ఉంటుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో “8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్” అని అడిగి తెచ్చుకుంటే ఈ అంకె దాని ఒంటి మీద రాసి ఉండదు. డేటాషీట్ ఉన్న పార్ట్ నంబరు కొనడం మంచిది. ఎఫ్103 డేటాషీట్ అయితే 32,768 హెర్ట్జ్ విషయంలో 7 పికోఫారడ్ మించని క్రిస్టలే వాడమని, 12.5 పికోఫారడ్‌ది ఎప్పుడూ వాడొద్దని సూటిగా హెచ్చరిస్తుంది. బజారులో సులువుగా దొరికేది సరిగ్గా ఆ 12.5 రకమే.

కొలవడంలోనూ మోసం ఉంది. ఆసిలోస్కోప్ ప్రోబ్‌ను పది రెట్ల స్థానంలో పెట్టినా అది 10 నుంచి 15 పికోఫారడ్ కలుపుతుంది. ఒక రెట్టు స్థానంలో అయితే 100 దాకా. కొలవబోయే సరికి నడుస్తున్న క్రిస్టల్ ఆగిపోవచ్చు, ఆగినది మొదలవ్వనూవచ్చు. వేలు పెడితే పనిచేసే బోర్డుల రహస్యం కూడా ఇదే. అందుకే క్రిస్టల్‌ను నేరుగా తాకకుండా, గడియారాన్ని వేరే పిన్ను మీదికి పంపించి అక్కడ చూడాలి. ఎఫ్103లో పీఏ8 పిన్ను అందుకు ఉంది. సోల్డరింగ్ ఫ్లక్స్ మరకలు కూడా క్రిస్టల్ కాళ్ల మధ్య కరెంటు కారేలా చేస్తాయి. వాన రోజుల్లో గాలిలో తేమ ఎక్కువైతే మరీనూ. ఆల్కహాల్‌తో బ్రష్ చేసి ఆరబెడితే బతికే బోర్డులు ఉంటాయి.

క్రిస్టల్ నడవకపోయినా చిప్ చచ్చిపోదని గుర్తుంచుకోవాలి. ఎస్‌టీఎం32 తయారీదారు ఎస్‌టీ వారి సాఫ్ట్‌వేర్ లైబ్రరీ క్రిస్టల్ కోసం కొంతసేపు చూసి, రాకపోతే ఎర్రర్ హ్యాండ్లర్‌లోకి వెళ్లి అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది. బయటి నుంచి చూస్తే బోర్డు మొద్దు. నిజానికి చిప్ లోపలి ఆసిలేటర్ మీద నిక్షేపంగా నడుస్తోంది. కొత్త బోర్డు మీద మొదటి ప్రోగ్రాం ఎప్పుడూ లోపలి ఆసిలేటర్‌తోనే రాయాలని నేను గట్టిగా చెబుతాను. ఏటీమెగా328పీది దీనికి తిరగేసిన కథ. ఫ్యాక్టరీ నుంచి అది లోపలి 8 మెగాహెర్ట్జ్‌ను ఎనిమిదితో భాగించి 1 మెగాహెర్ట్జ్‌తో వస్తుంది. 16 మెగాహెర్ట్జ్ కోసం కంపైల్ చేసిన ప్రోగ్రాం వేస్తే సెకనుకోసారి మారాల్సిన ఎల్‌ఈడీ 16 సెకన్లకోసారి మారుతుంది. అంతసేపు ఆగి చూసే ఓపిక ఎవరికుంటుంది? చచ్చిందంటారు. చిప్ సెట్టింగులు దాచే ఫ్యూజ్ బిట్లలో బయటి క్రిస్టల్ అని పెట్టి, బోర్డు మీద క్రిస్టల్ లేకపోతే ప్రోగ్రామర్‌కు కూడా చిప్ పలకదు. దాన్ని పారేయనక్కర్లేదు. ఇంకో బోర్డు నుంచి ఒక చతురస్ర తరంగాన్ని ఎక్స్‌టాల్1 పిన్నుకు ఇస్తే లేస్తుంది, ఫ్యూజ్ సరిచేసుకోవచ్చు.

తర్వాతిది ఎక్కడి నుంచి మొదలవ్వాలన్న నిర్ణయం. ఎఫ్103లో బూట్‌0 పిన్ను కిందికి లాగి ఉంటే మన ప్రోగ్రాం, దాన్ని పైకి, జత పిన్ను బూట్‌1ను కిందికి లాగి ఉంటే ఫ్యాక్టరీలోనే పెట్టిన బూట్‌లోడర్ నడుస్తుంది. ఎటూ కలపకుండా గాలిలో వదిలేస్తే చిప్ ఒక్కోసారి ఒక్కో దారి పడుతుంది. ఈఎస్‌పీ32లో జీపీఐఓ12 పిన్ను మరీ ప్రమాదకరం. లేచే క్షణంలో అది పైకి ఉంటే, ఫ్లాష్ మెమరీకి 3.3 బదులు 1.8 వోల్టులు ఇవ్వాలని చిప్ అనుకుంటుంది. మెమరీ చదవలేక మళ్లీ మళ్లీ రీసెట్ అవుతుంది. ఎస్‌డీ కార్డుకు ఆ పిన్ను కలిపి, మీద పుల్ అప్ రెసిస్టర్ పెట్టినవారికి ఇది ఎదురవుతుంది.

ఎస్‌టీఎం32లోని ఆ ఫ్యాక్టరీ బూట్‌లోడర్ రోగనిర్ధారణకు గొప్ప సాధనం. బూట్‌0 పైకి, బూట్‌1 కిందికి పెట్టి, రీసెట్ చేసి, సీరియల్ పోర్టు నుంచి ఈవెన్ పారిటీతో హెక్స్ 7ఎఫ్ అనే ఒక్క బైటు పంపండి. హెక్స్ 79 తిరిగి వస్తే కరెంటు, రీసెట్, లోపలి గడియారం, ప్రాసెసర్ నాలుగూ బాగున్నట్టు తేలిపోయింది. ఒక్క వాక్యం ప్రోగ్రాం రాయకుండానే సగం బోర్డుకు నిర్దోషి పత్రం దొరికింది. ఇంత మంచి పరీక్షను చాలామంది వాడరు.

ఇవన్నీ దాటాకే ప్రోగ్రాం వంతు. అక్కడ కూడా ముందు చూడాల్సింది మొదటి రెండు గడులే. డీబగ్గర్‌తో హెక్స్ 08000000 చిరునామా చదివితే, 20 కిలోబైట్ల ర్యామ్ ఉన్న ఎఫ్103లో మొదటి సంఖ్య మామూలుగా 20005000 ఉంటుంది. రెండోది 0800తో మొదలై బేసి సంఖ్యగా ఉండాలి. అన్నీ ఎఫ్‌లే కనిపిస్తే మెమరీ ఖాళీ, ప్రోగ్రాం ఎక్కనే లేదు. డీబగ్గర్ ఉన్నప్పుడు నడిచి, తీసేస్తే ఆగిపోయే బోర్డులో సెమీహోస్టింగ్ ఉందేమో చూడండి. ప్రింట్ చేసే మాటలను డీబగ్గర్ ద్వారా కంప్యూటర్‌కు పంపే పద్ధతి అది. వినేవాడు లేకపోతే చిప్ హార్డ్ ఫాల్ట్‌లో పడుతుంది. దాన్ని తీసేయగానే బోర్డు సొంత కాళ్ల మీద నిలబడుతుంది.

కేబుల్ మాట కూడా చెప్పాలి. ఫోన్ ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే యూఎస్‌బీ కేబుళ్లలో డేటా వైర్లు ఉండవు. బ్లూ పిల్ పేరుతో అమ్మే చవక ఎఫ్103 బోర్డుల్లో చాలావాటిలో యూఎస్‌బీ లైను మీద 1.5 కిలో ఓమ్‌లు ఉండాల్సిన చోట 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వచ్చింది. కొన్ని కంప్యూటర్లు దాన్ని గుర్తుపట్టాయి, కొన్ని పట్టలేదు. ఆ బోర్డు చూసి గీసుకున్నవారు ఆ తప్పును కూడా దించుకున్నారు. నమూనా బోర్డును నకలు చేసేటప్పుడు కూడా డేటాషీట్ తెరిచే ఉంచాలి.

అధ్యాపకులకు నాదొక విన్నపం. ప్రాజెక్టు రోజున నడిచిన బోర్డుకే మార్కులు వేస్తే, విద్యార్థి బజారులో దొరికే రెడీమేడ్ మాడ్యూల్ తెచ్చి పెడతాడు. అతన్ని తప్పుపట్టలేం. బోర్డు ఎక్కడ ఆగింది, ఏ పిన్ను మీద ఎన్ని వోల్టులు కొలిచారు, దాన్నిబట్టి దేన్ని కొట్టేశారు, దేన్ని అనుమానించారు అన్నది కొలతలతో సహా నోట్‌బుక్కులో రాయించండి. ఆ రాతకు కూడా మార్కులివ్వండి. బోర్డు గీసే దశలోనే 3.3 వోల్టుల లైను మీద ఒక ఎల్‌ఈడీ, రీసెట్ బటన్, డీబగ్ పిన్నులకు ప్యాడ్లు, ప్రోబ్ ఆనించడానికి టెస్ట్ పాయింట్లు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే ఆర్డర్ పెట్టనివ్వకండి. పది రూపాయలు కాని ఆ ఏర్పాటు లేకపోతే పైన చెప్పిన కొలతల్లో సగం తీయడం కుదరదు.